పదకొండో టోపీ

రెండు కుట్లు ముందుకి, రెండు వెనక్కి. ఏడో టోపీకి వచ్చేసరికి చూడకుండానే అల్లేస్తున్నాను. ఏప్రిల్ నెల, ఆత్మకూరు, ఫ్యాను కూడా వేడిగాలే విసురుతోంది, నా ఒళ్లో ఎర్ర ఊలు. మే నెలలో మా ఇంటివాళ్లు పదైదు రోజులు కేదారం యాత్రకి వెళ్తున్నారు. "జనంలో తప్పిపోకుండా అందరికీ ఒకటే రంగు టోపీ. మొత్తం పదకొండు. నువ్వెట్టాగూ ఊరికే కూర్చోనే ఉంటావుగా విజయా" అంది మా అత్త ఆదిశేషమ్మ. నేను ఊరికే కూర్చునేది ఎప్పుడో నాకే తెలియదు. పొద్దున అయిదింటికి మామకి జావ, ఎనిమిదింటికి టిఫిన్లు, ఒంటిగంటకి మా అంగట్లో గుమాస్తాలకి అన్నం. ఆ తర్వాత నాకని మిగిలే గంటన్నర కూడా ఇప్పుడు టోపీలకే పోతోంది.

పరుపు కింద నా నీలం ఊలు ఉంది. ఫోన్లో చూసి మొదలుపెట్టిన శాలువా. ఆకుల డిజైను, ఒక వరస ఇంకో వరసలా ఉండదు, ఒక్క కుట్టు తప్పితే ఆకు వంకరపోతుంది. ఎర్రది పట్టుకుంటే చేతులు మాత్రమే పని చేస్తాయి. నీలంది పట్టుకుంటే నేను కూడా అక్కడ ఉంటాను. ఉదయగిరి బళ్లో క్రాఫ్ట్ టీచరు దగ్గర నేర్చుకున్న పని మళ్లీ నాదనిపిస్తుంది. ఒక టోపీ అయితే రెండు వరసలు నీలం అని, చంటిపిల్లకి చాక్లెట్ చూపించినట్టు నాకు నేనే ఆశ పెట్టుకున్నాను. ఒకరోజు మా ఆయన చంద్రమోహన్ చూశాడు.

"ఏందే ఇది మధ్యలో? ఎవరికి?"

"నాకే."

"ఈ ఎండల్లో నీకు శాలువా ఏంది!" అని నవ్వాడు. "ముందు ఆ టోపీలు కానీ."

నీలాన్ని అటక మీద పడేశాను. ఆయన అన్నందుకు కాదు. వేళ్లు మడిచి లెక్కేసుకున్నాను కాబట్టి. అత్త, ఆయన, మరిది, తోడికోడలు, ఇద్దరు ఆడబిడ్డలు, వాళ్ల మొగుళ్లు, కలిగిరి పెదనాన్న, పెద్దమ్మ. పదిమంది. మామ ఎట్టాగూ కొండలెక్కలేడు. పదకొండోది నాది. ఆ మాట ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో సోమశిల డ్యాము దాటి నేను చూసిందేమీ లేదు. మంచు చూస్తానన్న ఆశతోనే విసుగంతా దిగమింగుకుని పది అల్లేశాను.

పదకొండోది నాలుగు వరసలు అల్లి, తలకి పెట్టుకుని కొలత చూసుకుంటుంటే అత్త చూసింది.

"నీ తలకి పెట్టుకుంటావేంది? అది రామనారాయణకి. ఆయన తల పెద్దది, ఇంకో నాలుగు కుట్లు ఎక్కువెయ్యి."

రామనారాయణ యాత్రలో వండిపెట్టడానికి మాట్లాడుకున్న వంటాయన.

"మరి నేను?" అన్నాను.

"నువ్వొస్తే మీ మామకి జావ ఎవరు కాస్తారు? గుమాస్తాలకి ఎవరు పెడతారు? ఇంట్లో ఉండేదానివి, నీకు టోపీ ఎందుకే?"

ఒళ్లు మండింది. వండుతాడు కాబట్టి ఆయనకి జీతం, రైలు టిక్కెట్టు, నేనల్లిన టోపీ. వండుతాను కాబట్టి నాకు ఈ వంటిల్లు. నిజమే, ఇంట్లోనే ఉండేదాన్ని జనంలో వెతుక్కోవలసిన పని ఎవరికుంటుంది? సూది మీది కుట్లన్నీ జార్చేసి ఊలుండని అత్త పక్కన పెట్టాను.

"ఇంటిక్కూడా ఒక రామనారాయణని మాట్లాడుకోండి అత్తా. ఆ పదైదు రోజులూ నేనిక్కడ ఉండను."

"యాడికి పోతావే?"

ఎక్కడికో నాకింకా తెలియదు. తెలిసినా చెప్పేదాన్ని కాదు.