అరవై రెండు డిగ్రీలు

తార్నాకలో పాలవాడు పోసే పాలలో నీళ్లు వెతికినట్టే, ఎస్తేరు విద్యార్థుల ప్రోగ్రాముల్లో తప్పులు వెతికేది. యూనివర్సిటీలో కంట్రోల్ సిస్టమ్స్ పాఠం చెప్పే మనిషికి అనుమానం లేకపోతే జీతం దండగని ఆమె వాదన.

ఆమె విద్యార్థి యాదగిరి సి భాషలో రాసిన ప్రోగ్రాం, పక్క గదిలో ప్రయోగానికి పెట్టిన నీళ్ల ట్యాంకు ఎంత వేడెక్కిందో నెట్‌వర్క్ మీద అడిగి తెలుసుకుంటుంది. డెబ్బై దాటితే హీటరు ఆపమని కబురు పంపుతుంది. తెర మీద అరవై రెండు అని ఉంది. ఎస్తేరు క్యాంటీనుకు వెళ్లి టీ తాగి వచ్చింది. ఇంకా అరవై రెండే.

"ఇది కదలదేమిటయ్యా?"

"స్టెడీగ ఉన్నది మేడం. పొద్దున్నుంచి ఒక్క ఎర్రర్ గూడ రాలే."

ఆ మాటే ఆమెకు నచ్చలేదు. ఒక్క ఎర్రరూ రాని ప్రోగ్రాంను తన సర్వీసులో చూడలేదు.

"అవతల నుంచి జవాబు రాకపోతే ఏం చేస్తుంది?"

"పాత నంబరే చూపిస్తది మేడం. ఖాళీగ ఉంటే చూసెటోళ్లు పరేషాన్ అయితరు."

ఎస్తేరుకు ఒళ్లు మండింది. "అయితే ఇప్పుడే నెట్‌వర్క్ వైరు పీకి చూద్దాం," అంటూ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బల్ల కిందికి వంగింది. చీపురు తగిలిందో, ఎవరి కాలు తగిలిందో, వైరు ఎప్పుడో ఊడి నేల మీద పడి ఉంది.

ఆ వైరు కొస పట్టుకుని ఆమె లేచేసరికి, పక్క గదిలో ట్యాంకు మూత ఆవిరికి టకటకా కొట్టుకుంటోంది. తెర మీద మాత్రం ఇంకా అరవై రెండే.