కనపడని బరువు

పద్మనాభయ్యగారు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నెల్లూరు కాలేజీలో మాకు ఫిజిక్సు చెప్పే పెద్దాయన. 1965లో నేను బీయస్సీ ఆఖరి ఏడు చదువుతున్నప్పుడు, సైన్సు సంఘంలో చదవడానికి రాసుకున్న నా వ్యాసంలో రెండో పేజీ మొత్తం ఎర్ర సిరాతో కొట్టేశారు. వాల్తేరులో ఎమ్మెస్సీ సీటుకి ఆయన సిఫారసు ఉత్తరం కావాలి. ఆ పేజీ తీసేస్తేనే ఉత్తరమన్నారు.

విషయం ఇంతే. చాలా దూరంలో గెలాక్సీలు గుంపులుగా ఉంటాయి. అవి తిరిగే వేగం చూస్తే, కనిపించే చుక్కల బరువుకి వాటిని పట్టి ఉంచే సత్తా లేదు. కాబట్టి మనకు కనపడని పదార్థమేదో అక్కడ ఉండాలి. ఇది మొదటి పేజీ. అంతంత దూరాల్లో గురుత్వాకర్షణ సూత్రమే మనం అనుకున్నట్టు పనిచేయడం లేదేమో, అదీ చూడాలి కదా అని రెండో పేజీ. న్యూటనుకే వంకలు పెట్టేంతదానివయ్యావా అని క్లాసులో అందరి ముందూ ఎగతాళి చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం బిట్రగుంట రైల్వే కాలనీలో మా ఇంటికెళ్లి, నాన్నకు చెప్పుకుని ఏడ్చాను. నాన్న కృపాదానం గూడ్సు బండి డ్రైవరు. సంగతంతా రెండుసార్లు చెప్పించుకుని, అమ్మకు కూడా చెప్పని మాటొకటి బయటపెట్టాడు. ఒకసారి ఆయన బండి ఎత్తు ఎక్కలేక నిలబడిపోయిందట. బొగ్గు మంచిదే, ఆవిరి నిండుగా ఉంది. కాగితంలో చూపిన దానికన్నా వ్యాగన్లలో ఎక్కువ సరుకు వేశారని రిపోర్టు రాసేశాడు. సరుకు ఎక్కించిన గుమస్తా అబ్దుల్ రజాక్‌ను ఎక్కడికో బదిలీ చేశారు. రెండు రోజుల తర్వాత తెలిసింది, వెనక ఒక వ్యాగను బ్రేకు దాని చక్రాన్ని పట్టేసి వదల్లేదని. నాన్న మళ్లీ రాసినా పైవాళ్లు పట్టించుకోలేదు.

"బండి కదల్లేదు, అది నిజం. ఎందుకు కదల్లేదో చూడకుండానే బరువని రాసినా. బ్రేకు కూడా అయ్యుండొచ్చని ఒక్క ముక్క రాసుంటే, రజాక్ పిల్లకాయలు ఊరొదిలి పోయుండరు," అన్నాడు నాన్న. "ఆ పేజీ తియ్యబాకమ్మా."

శుక్రవారం సభలో మొదటి పేజీ అవగానే, ముందు కుర్చీలోంచి పద్మనాభయ్యగారు చాలు, కూర్చోమన్నారు. వాల్తేరు చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. అయినా కూర్చోలేదు. పేజీ తిప్పి, ఎర్ర గీతల కింద ఉన్నదంతా ఆఖరి అక్షరం దాకా చదివాను.

"ఇంతకీ రెండిట్లో ఏది నిజమంటావు?" అన్నారాయన.

"తెలీదు సార్. మీకూ తెలీదు. అందుకే రెండూ రాశాను."

ఆయన కండువా సర్దుకుని వెళ్లిపోయారు. ఉత్తరం రాలేదు. దరఖాస్తులో సిఫారసు చేసినవారి పేరు రాయాల్సిన గడి ఖాళీగా వదిలేసి, వ్యాసం రెండు పేజీలూ జతచేసి వాల్తేరుకు రిజిస్టరు పోస్టులో పంపించాను.