తొమ్మిది అక్షరాల వైద్యం

బాపట్లలో ఉచిత వైద్య శిబిరం పెడుతూ, ప్రారంభ సభలో అతిథుల్ని పరిచయం చెయ్యమని రేపల్లె తెలుగు పంతులమ్మ ఆదిలక్ష్మిని పిలిచారు. 1988 నాటి సంగతి. ఆవిడ గొంతు ఖంగుమంటుంది, మైకు ఆగిపోయినా ఇబ్బంది లేదు. తీరా పొద్దున్నే తెనాలి రైలెక్కి కాగితం విప్పితే, డాక్టరు గారి పేరు కింద ఇంగ్లీషులో ఒక మాట గూడ్సు బండంత పొడుగున ఉంది. రెండుసార్లు చదవబోయి రెండుసార్లూ మధ్యలోనే ఆగిపోయింది.

ఎదురు సీటులో కూర్చున్న రిటైరైన లూథరన్ పాస్టరు సంజీవరావు గారు చెయ్యి చాచారు.

"ఇలా ఇవ్వమ్మా. ఓటో రైనో లారింగాలజీ. గ్రీకు మాటలివి. పాస్టరు చదువులో మాకు గ్రీకు చెప్పేవాళ్ళు."

"అర్థం ఏంటండి?"

"ఓటో అంటే చెవి. లారింక్స్ గొంతు. లోగోస్ అంటే వాక్కు, ఆ చివరి లజీ దాన్నుంచే వచ్చింది. రైనో మాత్రం నాకెక్కడా తగల్లేదమ్మా."

వేమూరు దాటేదాకా ఇద్దరూ ఆలోచిస్తూనే ఉన్నారు. ఉన్నట్టుండి ఆదిలక్ష్మికి పిల్లల సైన్సు పుస్తకంలో ఖడ్గమృగం బొమ్మ గుర్తొచ్చింది.

"దాన్ని రైనోసరస్ అంటారు కదండి. కొమ్ము ముక్కు మీదేగా ఉండేది."

పాస్టరు గారు తొడ చరిచారు. "ముక్కేనమ్మా. సందేహం లేదు."

ఇక ఆవిడ ఊరుకుంటుందా? పెన్సిలు తీసి గురులఘువులు వేసింది. తొమ్మిది అక్షరాల్లో ఒక్క 'ల' తప్ప అన్నీ గురువులే. మగణం, మగణం, రగణం. పద్యంలా చదివేసరికి మాట నోటికి వచ్చేసింది.

సభలో ఆ మాటను ఎక్కడా తడబడకుండా పలికింది. ఆ వెంటనే "అంటే చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు గారండి" అని విడమరిచింది.

కళ్ళ డాక్టరేమో అనుకుని లేచి వెళ్ళిపోబోతున్న కుమారి ఆ మాటకు ఆగింది. సూర్యలంక నుంచి తీసుకొచ్చిన అత్త లక్ష్మమ్మకు ఆరు నెలలుగా చెవులు వినపడవు. అత్తను చెయ్యి పట్టుకుని ముందుకు నడిపించింది. డాక్టరు గారు చూసి, రెండు చెవుల్లోనూ గడ్డకట్టిన గుబిలి తీసేశారు.

"వినపడుతోందా అత్తా?" అని కుమారి అలవాటుకొద్దీ కేకేసింది.

లక్ష్మమ్మ చెవి రుద్దుకుంది. "నెమ్మదిగా చెప్పవే. నలుగురూ మనవైపే చూస్తున్నారు."