తెర మీద కూడా వేడెక్కింది

నిరుడు సముద్రంలో చేపల వేటకెళ్లిన తమ్ముడి పడవ గాలివానకు బోల్తా పడింది. ఖాళీ డ్రమ్మును కరిచిపట్టుకుని తేలుతున్న అతన్ని వేరే పడవవాళ్లు చూసి లాక్కొచ్చారు. అప్పటినుంచి అతని భార్య అతన్ని నీళ్లవైపు వెళ్లనివ్వలేదు. పనిలేక, ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు.

అతని అక్క రేడియో ఇంజనీరు. పడవ తిరగబడితే దానంతటదే ఒడ్డుకు కబురు పంపే చిన్న ట్రాన్స్‌మిటర్ చెయ్యాలని పట్టుబట్టి, పై అధికారిని ఒప్పించింది.

కంప్యూటర్‌లో సర్క్యూట్ గీసి నడిపిస్తే భేషుగ్గా పనిచేసింది. అదే బోర్డు మీద కట్టాక సిగ్నల్ గది దాటలేదు. సిగ్నల్‌కు బలమిచ్చే ట్రాన్సిస్టర్ ముట్టుకుంటే చురుక్కుమంది.

"తెర మీద బుద్ధిమంతుడు, బయటికొస్తే పోకిరి! ట్రాన్సిస్టర్ మార్చేద్దామండీ, పీడా పోతుంది" అన్నాడు పక్క బల్ల ఇంజనీరు. ఆఫీసులో అందరూ అతన్ని తొందరయ్య అంటారు.

మార్చారు. అదీ మాడిపోయింది.

ఆమె మళ్లీ తెర ముందు కూర్చుని ఒక్కో భాగాన్నీ తెరిచి చూసింది. తీగచుట్ట, అంటే కాయిల్, దగ్గర ఆగిపోయింది. కంప్యూటర్‌లో దాని విలువగా తను ఇచ్చింది ఒక్క అంకె. బోర్డు మీది నిజం చుట్ట అంత సాదాగా ఉంటుందా? సన్నటి తీగ కరెంటును కొంత తినేస్తుంది. పక్కపక్కనే ఉన్న చుట్లు విద్యుత్తును పట్టి ఉంచే చిన్న కెపాసిటర్‌లా కూడా పనిచేస్తాయి. ఆ రెండూ లేనట్టే లెక్క కట్టింది తను.

చుట్టను బోర్డు నుంచి ఊడదీసి మీటరుకు తగిలించి కొలిచింది. ఆ లక్షణాలన్నీ కంప్యూటర్‌లోని చుట్టకు చేర్చి నడిపింది. సిగ్నల్ చతికిలబడింది. ట్రాన్సిస్టర్ తెర మీద కూడా వేడెక్కింది.

ఆమె చప్పట్లు కొట్టింది.

"చెడిపోతే సంబరమేంటండీ?" అన్నాడు తొందరయ్య.

"ఇన్నాళ్లూ ఇది నా దగ్గర మొహమాటపడి బాగుందని చెప్పింది. ఇప్పుడు నిజం చెబుతోంది. ఇక్కడ సరిచేస్తే అక్కడా సరవుతుంది."

తీగ లావు పెంచింది. చుట్లు ఎడంగా వేసింది. పక్కనున్న కెపాసిటర్ మార్చింది. తెర మీద కుదిరాకే సోల్డరింగ్ ఐరన్ పట్టింది. ఈసారి ట్రాన్సిస్టర్ మీద వేలు పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే.

పరీక్షరోజున ట్రాన్స్‌మిటర్ పెట్టెను తీసుకుని తమ్ముడే పడవలో బయల్దేరాడు. మరదలు వద్దనలేదు, సరేననీ అనలేదు. ఒడ్డున, కబురు అందుకునే రిసీవర్ పక్కన వదినను ఆనుకుని నిలబడింది. పడవ చుక్కంత అయ్యింది. అక్కడ అతను పెట్టెను తలకిందులు చేశాడు.

రిసీవర్ కీచుమంది. దాని తెర మీద పడవ నంబరు వెలిగింది.

అక్క ఆ నంబరు వైపే చూస్తోంది. మరదలే ముందు తేరుకుంది.

"ఇంకోసారి తిప్పమనండి వదినా."

ఫోన్‌లో చెప్పారు. మళ్లీ కీచుమంది.

"రేపు వేటకు పంపిస్తావా మరి?" అంది అక్క.

"ఇది పెట్టుకునే వెళ్లాలి. మబ్బు కనిపిస్తే వెనక్కి తిరగాలి. చెప్పండి ఆయనకు."

"నువ్వే చెప్పు" అని అక్క ఫోన్ ఆమె చేతికిచ్చింది.