నోరెత్తిన కప్ప

పెతేన్ అడవి అంచున ఒక పల్లెలో దర్జీ అనస్తాసియో కాల్ పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం మొక్కజొన్న చేను గట్టున నిలబెట్టి ఉన్న రాతి పలక ముందు కూర్చునేవాడు. వానలకు అరిగిపోయిన అక్షరాలను, పూర్వం ఆ నేలను ఏలిన మాయా జాతివాళ్లు చెక్కినవాటిని, కాగితం మీదికి దించుకునేవాడు. ఒక రాజు శత్రువును బంధించిన కథ అందులో ఉందని అతను చెబితేనే ఊరంతా నమ్మింది.

భార్య చెల్లెలు ఎలూతేరియా మొక్కజొన్న రొట్టెలు అమ్ముకుంటుంది. పాత లిపి నేర్చుకోవడం మొదలుపెట్టి రెండేళ్లయినా కాలేదు. ఒకరోజు ఆమె కళ్లు మూసుకుని రాతిని వేళ్లతో తడిమింది.

"బావా, ఇది బంధించడం కాదు. కప్ప. నోరు పైకెత్తి ఉంది చూడు. అంటే పుట్టుక. పక్కనున్నది ఆడమనిషి తల, జుట్టుపాయ కూడా తగులుతోంది. ఎవరో రాణి పుట్టిందని రాశారు."

"రొట్టెలు తట్టే చేతులకు అన్నీ గుండ్రంగానే తగులుతాయిలే," అన్నాడు అనస్తాసియో. తన కాగితాలు చుట్టేసుకుని లేచాడు.

కోబాన్ పట్నంలో లిపి నేర్చుకునేవాళ్ల సమావేశం నాటికి ఆమె కూతురికి జ్వరం. తను గీసిన కాగితం బావకిచ్చి, అక్కడ చూపించమంది. అతను దాన్ని సంచిలోంచి తీయనే లేదు. తన బొమ్మే చూపించి, మెప్పు పొంది వచ్చాడు.

"కప్ప సంగతి ఎవరూ ఒప్పుకోలేదు," అన్నాడు తిరిగొచ్చాక.

"అలాగా. నేనే పొరబడ్డానేమో." ఆమె లిపి నేర్చుకునే పుస్తకం అటక మీద పెట్టేసింది. రాతి దగ్గరికి రావడం మానేసింది.

మూడో ఆదివారం అనస్తాసియో ఒక్కడే వెళ్లి, కళ్లు మూసుకుని వేళ్లు ఆనించాడు. పైకెత్తిన నోటి అంచు స్పష్టంగా తగిలింది. నేరుగా మరదలి వంటింటికి నడిచాడు.

"నీ కాగితం నేను చూపించలేదు."

ఆమె పెనం మీద రొట్టె తిరగేసింది. "ఎందుకని?"

"పదకొండేళ్లు నాకు చిక్కనిది నీకు ఒక్క పూటలో దొరికింది. ఓర్చుకోలేకపోయాను."

"ఈ మాటే వచ్చే సమావేశంలో అందరి ముందూ చెప్పు. తర్వాత నా కాగితం నేనే విప్పుతాను."

అతను చెప్పాడు. ఆమె చదివింది. అందరూ లేచి చప్పట్లు కొట్టారు, అతనూ కొట్టాడు. ఆమె చుట్టూ జనం మూగుతుంటే గోడవారన నిలబడి, రాతికి రెండోవైపు ఇంకా ఎవరూ చదవలేదని, ఈ ఆదివారం ఆమెకన్నా ముందే వెళ్లాలని అనుకున్నాడు.