నేను చింపిన రుమాలు

బట్టల కొట్టులో గుడ్డ కొలిచి ఇవ్వడం నా పని. అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే, గుడ్డ గీత గీసినట్టు చిరుగుతుంది. ఆ చప్పుడు నాకు వినిపించడం మానేసి ఏళ్లయింది. మా అమ్మాయి గువ్వని, దానికి మూడేళ్లప్పుడు, ఒకసారి కొట్టుకి తీసుకెళ్లాను. మొదటి చప్పుడుకే అది నేల మీద పడి, తన చెయ్యి తానే రక్తం వచ్చేలా కొరుక్కుంది. బేరానికి వచ్చినవాళ్లు బయటికి నడిచారు.

"ఇంకెప్పుడూ దాన్నిక్కడికి తీసుకురాకయ్యా, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు యజమాని.

అప్పటి నుంచి ఇంట్లో పాత దుప్పటి ముక్కలు చెయ్యాలన్నా మాకు కత్తెరే.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మాటలు నేర్పే టీచరు ఫీజు నా జీతంలో సగం. ప్రభుత్వం ఇచ్చే సాయంతోనే అది కడుతున్నాం. రెండేళ్లకోసారి డాక్టరు పిల్లని చూసి లోపం ఎంత శాతమో రాయాలి. శాతం తగ్గితే సాయం ఆగిపోతుంది.

ఈసారి మా ఆవిడకి లాండ్రీలో సెలవు దొరకలేదు. పొద్దున్నే గువ్వకి జడ వేస్తూ, మూడు నెలలుగా నేర్పుతున్నదే మళ్లీ అడిగింది.

"నీ పేరేంటి, అమ్మలూ?"

గువ్వ నోరు తెరిచి మూసింది.

"అక్కడైనా చెప్తుందేమో చూడండి."

ఆసుపత్రి వరండాలో ఓ పెద్దమనిషి తన కొడుకు చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. "మాదో వింత పరీక్షండీ. ఇక్కడ ఫెయిలైతేనే పాసు" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

లోపల డాక్టరమ్మ అడిగింది: "నీ పేరేంటమ్మా?"

గువ్వ ఆవిడ మొహంలోకి చూసి పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా. నా గుండె ఎగిరింది. అంతలోనే నా చూపు డాక్టరమ్మ కలం మీదికి పోయింది.

"భలే చెప్పావే! ఎవరండీ నేర్పింది?"

"వాళ్లమ్మ."

"చాలా మార్పు వచ్చింది. ఈసారి శాతం తగ్గుతుంది. సంతోషించండి."

"మరి సాయం?"

"అది నా చేతిలో లేదు కదండీ" అని కంప్యూటర్ వైపు తిరిగింది.

తర్వాత చాలాసార్లు, నా చేతులు వాటంతటవే చేశాయని చెప్పుకోబోయాను. అబద్ధం. జేబులోంచి రుమాలు తీశాను. అంచుకి కుట్టు ఉంది కాబట్టి ఊరికే చిరగదు. దగ్గొచ్చినట్టు నోటికి అడ్డం పెట్టుకుని పంటితో గాటు పెట్టాను. బల్ల కిందికి దించి, పోగు దారి వేలితో చూసుకుని, లాగాను. ఇంత ఆలోచన ఉంది నాకు.

గువ్వ కుర్చీలోంచి జారిపడింది. అరుపు గది దాటి వరండాలోకి వెళ్లింది. చెయ్యి నోట్లోకి పోయింది.

"అయ్యో, ఏమైంది?"

"ఇలాగే ఉంటుందండీ."

"రోజూనా?"

"రోజూ."

ఆవిడ రాసుకుంది. గువ్వ పాక్కుంటూ వచ్చి నా మోకాళ్ల మధ్య తల దూర్చింది. భయమేస్తే దానికి తెలిసిన చోటు అదొక్కటే. నా చేతులు లాక్కుని తన చెవుల మీద పెట్టుకుంది.

"మీ ఓపికకి మెచ్చుకోవాలండీ" అంది డాక్టరమ్మ. నేను తల దించుకున్నాను. వినయం అనుకుందేమో.

సాయంత్రం మా ఆవిడ చెప్పులు విప్పకుండానే అడిగింది: "ఇచ్చారా?"

"ఇచ్చారు. ఇంకో రెండేళ్లకి."

"హమ్మయ్య" అంటూ గోడకి చేరగిలబడింది. కాసేపటికి గువ్వ చేతి మీది పంటిగాట్లు చూసి నిమిరింది. "భయపడిందా? పేరు చెప్పిందా మరి?"

చెప్పిందని నేనంటే, శాతం తగ్గకుండా ఎలా నిలిచిందో కూడా చెప్పాలి.

"లేదు. నోరే విప్పలేదు."

ఆమె మొహం వాడిపోయింది. "నేను నేర్పడంలోనే ఏదో తేడా ఉంది. మూడు నెలలు నీళ్లపాలు." అంతలోనే కొంగు దోపుకుని గువ్వ ఎదురుగా చతికిలబడింది. "మీరూ రండి. ఇద్దరం అడుగుదాం. మీ గొంతుకి పలుకుతుందేమో."

వెళ్లి పక్కన కూర్చున్నాను. "నీ పేరేంటి, తల్లీ?" అన్నాను. చెప్పకపోతే బాగుండునని లోపల ఎవరో అనుకున్నారు.

ఎవరో కాదు, నేనే.