నడిమి గోడ

పెంతెకొస్తు పండుగ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం అది. ఆ రోజు నేను వండింది మసూరపప్పు పులుసు, యవల రొట్టెలు, ఉప్పుచేప ముక్కలు. అంత పెద్ద కుండ నిండా ఎందుకు వండానో నాకే తెలియదు. ఈకొనియ పట్నం దారిలో ఉన్న మా చిన్న ఊరికి కొండమీద రాతి ప్రార్థనాలయం లేచింది. ఆ సాయంత్రమే దాని తలుపులు తెరుస్తున్నారు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో జరిగిన ప్రార్థన ఇకమీదట అక్కడే, ఆదివారాలు పొద్దున. ప్రార్థన తర్వాత అందరం కలిసి తినే ప్రేమవిందు ఇక ఉండదు, అంతమందికి ఎవరు వండుతారు అన్నారు బిషప్పుగారు. ఆ సంగతి నా చేతులకు ఎవరూ చెప్పలేదు కాబోలు, తెల్లవారుతూనే అవి పెద్ద కుండే దించాయి.

నేను కోడలిగా వచ్చిన ఏడాదే మా ఆయన త్రోఫిము రెండు గదుల మధ్య గోడ పడగొట్టించాడు. "ఇకనుంచి మన ఇల్లే సంఘం, అమ్మియా" అన్నాడు మెరిసే కళ్ళతో. నేనూ మురిసిపోయాను. మా అత్తగారు మాత్రం మూల కూర్చుని ఉన్ని వడుకుతూ, "ఇల్లు ప్రభువుదట, అంట్లు మాత్రం కోడలివట" అంది. ఆమె నోరు చేదు, మాట నిజం. వచ్చినవాళ్ళ కాళ్ళకు నీళ్ళు, బల్లమీదికి రొట్టెలు, మంచం పట్టినవాళ్ళకు మూటగట్టి పంపే వాటా, అన్నీ నా చేతి మీదుగానే. ప్రభువు బల్ల దగ్గర యజమానీ దాసుడూ ఒకటేనని మా ఆయన చెబుతుంటే, గుమ్మం దగ్గర నిలబడి, ఒక చెవి వీధివైపు పెట్టి వినేదాన్ని. మా గ్రంథాల కోసం సిపాయిలు ఇళ్ళు వెతికిన రోజులవి. తలుపు తట్టే తీరును బట్టి మనిషిని గుర్తుపట్టడం నా పని. అందరూ తిన్నాక కుండ అడుగున మిగిలింది, చల్లారినది, నిలబడే తినేదాన్ని. అలాగని అంతా బాధే అంటే అబద్ధం. చీకటి పడుతుండగా దీపం వెలిగించేది ఆ ఇంటి ఇల్లాలే. నేను వత్తి ముట్టించగానే అందరి ముఖాలూ వెలుగులోకి వచ్చేవి, పాట ఎత్తుకునేవారు. ఆ ఒక్క గడియ కోసం ఎన్ని రొట్టెలైనా కాల్చవచ్చు అనిపించేది.

కొండమీద ఆడవాళ్ళ చోటు ఎడమపక్క, స్తంభాల వెనక. ఊళ్ళో మనవాళ్ళు ఇంతమందా అని ఆశ్చర్యపోయాను. ఇక ఎవరూ దాక్కోనక్కర్లేదని సంతోషం కలిగింది, కళ్ళ నీళ్ళు కూడా వచ్చాయి. కానీ నా పక్కన నిలబడిన ఆమె పేరు నాకు తెలియదు. మా ఇంట్లో పేరు తెలియని మనిషి ఎవరూ రొట్టె తినలేదు. బిషప్పుగారు మాట్లాడుతూనే ఉన్నారు. కిటికీల్లో వెలుగు తగ్గిపోయింది. దీపం ఎవరూ ముట్టించరేం అనుకున్నాను. అంతే, ఎప్పుడు కదిలానో, స్తంభాలు ఎప్పుడు దాటానో, నడిమిలో వేలాడే పెద్ద దీపం దగ్గర ఉన్నాను. అక్కడున్న పుల్లను నిప్పుకుండలో అంటించి వత్తి ముట్టించాను. ముట్టించి, పాట కోసం ఆగాను. ఎవరూ పాడలేదు.

ప్రార్థనాలయ పరిచారకుడు జోతికు గబగబా వచ్చాడు. తల్లి పోయాక మా ఇంట్లో తిని పెరిగినవాడు.

"పిన్నీ, అది మా పని. నువ్వు నీ చోటికి వెళ్ళు" అన్నాడు గొంతు తగ్గించి. తగ్గించినా రాతిగోడలు దాచలేదు. అందరూ విన్నారు. బిషప్పుగారు నవ్వారు, మంచి మనిషి. "ఇన్నేళ్ళు కష్టపడ్డావు తల్లీ. ఇక విశ్రాంతి తీసుకో" అన్నారు. విశ్రాంతి కావాలని నేను ఏడ్చిన రోజులున్నాయి. అప్పుడు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు నేను అడగలేదు.

కొండ దిగేటప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. చూసినవాళ్ళు రాళ్ళబాట కదా అందుకే అనుకుని ఉంటారు.

"ఆ జోతికు గాడికి మాటలొచ్చింది నీ పప్పు తినే" అన్నాడు.

"ఉప్పు తక్కువైందేమో ఆ పప్పులో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కాస్త దూరం నడిచాక, "నడిమి గోడ మళ్ళీ కట్టిద్దామే. ఉన్ని వర్తకుడు ఆ గది అద్దెకు అడుగుతున్నాడు. నీకూ ప్రాణం హాయిగా ఉంటుంది" అన్నాడు.

నా హాయి కోసమే అన్నాడు, అందులో అనుమానం లేదు. గోడ పడగొట్టినప్పుడు నన్ను అడగలేదు. కట్టేటప్పుడూ అడగడం లేదు. రెండుసార్లూ ప్రేమగానే.

ఇంటి గుమ్మం మీద మెలితీన కూర్చుని ఉంది. కాళ్ళు వాచిన ముసలామె, ప్రతి ఆదివారం వచ్చినట్టే వచ్చింది. పక్కన, బట్టలకు రంగులద్దేవాడి దగ్గర పనిచేసే ఇద్దరు దాసులు. చేతులు మోచేతుల దాకా నీలం. యజమాని వదిలేసరికి పైన ప్రార్థన ముగిసిందట.

"కొండ ఎక్కలేదేం పెద్దమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎక్కితే తిన్నగా ప్రభువు దగ్గరికే పోతాను నాయనా, మళ్ళీ దిగను. అయినా అక్కడ పప్పు లేదటగా?"

లోపలికి పిలిచాను. దీపం ముట్టించాను. నీలం చేతుల వాళ్ళలో ఒకడు అలవాటుగా పాట ఎత్తుకున్నాడు, మెలితీన వణికే గొంతుతో అందుకుంది. పాట అయ్యాక కుండ తెచ్చి బల్లమీద పెట్టాను. పెట్టి, బల్ల చివర కూర్చున్నాను. మా ఆయన నా వైపు చూశాడు, కుండ వైపు చూశాడు.

"వడ్డించవా?"

"మీరు వడ్డించండి. ఇవాళ నేను వేడిగా తింటాను."

లేచాడు. వంటగది దగ్గర ఆగి, "గరిటె ఎక్కడుంటుంది?" అన్నాడు.

మెలితీన పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. "అయ్యో, మా సంఘపెద్దకు పరలోకం దారి తెలుసు గానీ గరిటె దారి తెలీదు!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గరిటె వెతికి తెచ్చి, బల్లంతా ఒలకబోస్తూ, ముందు ఆమెకు, తర్వాత వాళ్ళిద్దరికీ, తర్వాత నాకు వడ్డించాడు. నాకు అడుగు నుంచి చిక్కగా తోడాడు. అది నేను చూశాను.

"గోడ వద్దు" అన్నాను. "పొద్దున కొండమీదికి వస్తాను. సాయంత్రం ఈ బల్ల ఉంటుంది, ఎక్కలేనివాళ్ళకీ, పని వదలనివాళ్ళకీ. దీపం నేను పెడతాను. అంట్లు అందరం తోముదాం."

"ఉన్ని వర్తకుడికి ఏం చెప్పను?"

"గది ఖాళీ లేదని చెప్పండి."

"బిషప్పుగారు అడిగితే?"

"ఆయన్నీ రమ్మను నాయనా" అంది మెలితీన, "గిన్నెలు చాలా ఉన్నాయి."

మా ఆయన తన రొట్టె విరిచి సగం నా గిన్నె పక్కన పెట్టాడు. "వేడిగా తింటే ఇంత రుచిగా ఉంటుందని నీకు ఇన్నాళ్ళూ తెలియనే లేదు కదే" అన్నాడు మెల్లగా.

నీలం చేతుల వాళ్ళు గిన్నెలు తోమి బోర్లించారు. మెలితీనను చెరోపక్కా పట్టుకుని బయలుదేరారు. సాగనంపడానికి నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. "నువ్వు తిను" అని మా ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. నేను రెండో రొట్టె తుంచుకున్నాను. ఇన్నేళ్ళూ నేను చూసినట్టే ఆయన వీధికి అటూ ఇటూ చూశాడు, ఇంకా ఎవరైనా వస్తున్నారేమోనని. చూసి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.